యాంటీస్మాష్ రివ్యూ: సముద్రపు స్పాంజ్ బ్యాక్టీరియా జీనోమ్‌ని నేల మీది చుట్టంతో పోల్చి చూడ్డానికి ఎంతవరకు పనికొస్తుంది

మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ ప్రాజెక్టులు చేసే పిల్లలు తరచూ అడిగే మాట ఒకటుంది. సార్, జీనోమ్ సీక్వెన్స్ (బ్యాక్టీరియా డీఎన్ఏ మొత్తం అక్షరాల వరస) దొరికింది, ఇందులో యాంటీబయాటిక్ తయారుచేసే జీన్లు ఉన్నాయో లేదో ఎలా చూడాలి, దానికి సాఫ్ట్‌వేర్ కొనాలా అని. కొనక్కర్లేదు. యాంటీస్మాష్ అని ఒక వెబ్ సర్వీస్ ఉంది, పూర్తిగా ఫ్రీ, లాగిన్ కూడా అడగదు, ఈమెయిల్ ఇవ్వడం కూడా మన ఇష్టం. నేను దీన్ని చాలాకాలంగా వాడుతున్నా, పిల్లలతో వాడిస్తున్నా, ముఖ్యంగా ఒకే ఒక్క పనికి, అంటే సముద్రపు స్పాంజ్‌లో (ఒకేచోట అతుక్కుని బతికే సముద్ర జంతువు అది) దొరికిన బ్యాక్టీరియాకీ, నేల మీద ఉండే దాని దగ్గరి బంధువుకీ తేడా ఏంటో చూడ్డానికి. ఆ పని వరకే ఈ రివ్యూ. బాగున్నవీ చెప్తా, ఎక్కడ తప్పుదోవ పట్టే ప్రమాదం ఉందో అదీ చెప్తా.

ముందు ఇది ఏం చేస్తుందో చెప్పాలి కదా. బ్యాక్టీరియాలో ఒక యాంటీబయాటిక్ తయారవ్వాలంటే కావాల్సిన జీన్లు సాధారణంగా క్రోమోజోమ్ మీద ఒకేచోట గుంపుగా ఉంటాయి, ఆ గుంపునే బయోసింథటిక్ జీన్ క్లస్టర్ అంటారు. యాంటీస్మాష్ మనం ఇచ్చిన జీనోమ్ మొత్తం వెతికి ఆ గుంపులు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఏ రకమో, ఇప్పటికే తెలిసిన వాటిలో దేనికి దగ్గరగా ఉన్నాయో బొమ్మలేసి చూపిస్తుంది. 2011లో మొదటి వెర్షన్ వచ్చింది. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ యూనివర్సిటీలో మార్నిక్స్ మెడెమా, డెన్మార్క్ టెక్నికల్ యూనివర్సిటీలో టిల్మన్ వెబర్, కై బ్లిన్, వీళ్ళ గ్రూపులే ముఖ్యంగా నడిపిస్తున్నాయి. అప్పట్నుంచి ఆపకుండా కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి, 2021లో 6వది వచ్చినప్పుడు 71 రకాల క్లస్టర్లు గుర్తుపట్టేది, 2023లో 7వది వచ్చేసరికి 81 అయ్యాయి. రీసెర్చ్ గ్రాంట్ల మీద నడిచే ఫ్రీ సర్వీసుని ఇన్నేళ్ళు ఇంత శ్రద్ధగా చూసుకోవడం మామూలు విషయం కాదండీ, ఫండింగ్ అయిపోగానే మూతపడిన ఇలాంటి వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి.

స్పాంజ్ బ్యాక్టీరియానే ఎందుకు పట్టుకున్నానంటే, యాంటీబయాటిక్స్ కథ అంతా మట్టిలోంచి మొదలైంది. 1943లో స్ట్రెప్టోమైసిన్ మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా నుంచే వచ్చింది, ఆ తర్వాత ఆరియోమైసిన్ కూడా అంతే. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లే కంపెనీలో రీసెర్చ్ డైరెక్టర్‌గా ఉన్నప్పుడు అక్కడే బెంజమిన్ డగ్గర్ దాన్ని కనిపెట్టాడు, మిస్సోరి యూనివర్సిటీ వాళ్ళ శాన్‌బోర్న్ ఫీల్డ్ అనే పొలం మట్టిలో ఉన్న స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్ నుంచి. ఇప్పుడు మనం వాడే టెట్రాసైక్లిన్ మందుల కుటుంబానికి మొదలు అదే. అయితే దశాబ్దాల పాటు ప్రపంచమంతా మట్టి తవ్వి తవ్వి ఇప్పుడు ఎక్కడ వెతికినా పాతవే మళ్ళీ మళ్ళీ దొరుకుతున్నాయి, అందుకే చూపు సముద్రం మీదకి మళ్ళింది. స్పాంజ్ కదలదు, పరిగెత్తి తప్పించుకోలేదు, పొద్దస్తమానం నీళ్ళు వడగట్టుకుంటూ బతుకుతుంది, కొన్ని జాతుల్లో అయితే శరీరంలో మూడో వంతు కంటే ఎక్కువ భాగం సూక్ష్మజీవులే ఉంటాయి. బ్లడ్ క్యాన్సర్‌కి ఇచ్చే సైటరబిన్ ఉంది కదా, 1969లో అమెరికాలో అనుమతి వచ్చిన మందు, దానికి ఆధారం 1950 ప్రాంతంలో కరీబియన్ స్పాంజ్‌లో దొరికిన పదార్థాలే. అంటే స్పాంజ్ మీద ఆశ పెట్టుకోవడం ఊరికే కాదు.

ఇక పోలికకి నేను వాడేది ఐర్లండ్ కేసు, ఎందుకంటే డేటా అంతా పబ్లిక్‌గా ఉంది, ఎవరైనా మళ్ళీ చేసి చూసుకోవచ్చు. గాల్వే తీరంలో కిల్కీరన్ బే అనే చోట హాలిక్లోనా సిమ్యులాన్స్ అనే స్పాంజ్ ఉంటుంది, యూనివర్సిటీ కాలేజ్ కార్క్ వాళ్ళు దాన్నుంచి తీసిన స్ట్రెప్టోమైసిస్ స్ట్రెయిన్లలో (స్ట్రెయిన్ అంటే విడిగా పెంచి పేరు పెట్టిన ఒక రకం) ఎస్ఎం17, ఎస్ఎం18 అనే రెండింటినీ ఎంచుకుని, నేల మీది వాటి దగ్గరి చుట్టాలతో జీనోమ్ జీనోమ్‌గా పోల్చి 2019లో పబ్లిష్ చేశారు. ఎస్ఎం17కి జోడీ స్ట్రెప్టోమైసిస్ ఆల్బస్ జె1074, ఎస్ఎం18కి జోడీ స్ట్రెప్టోమైసిస్ ప్రాటెన్సిస్ ఏటీసీసీ 33331. ఉప్పు ఎక్కువున్న మీడియంలో (ల్యాబులో బ్యాక్టీరియాని పెంచే ఆహారం) సముద్రం వాళ్ళు బాగా పెరిగారు, నేల వాళ్ళు అంతగా పెరగలేదు. సముద్రపు రెండింటిలోనూ ఉండి నేలవి రెండింటిలోనూ లేని జీన్లు 29 తేలాయి, సముద్రానికి అలవాటు పడ్డానికి పనికొచ్చి ఉండొచ్చని వాళ్ళు చెప్పినవి అవి. జీనోమ్‌గా చూస్తే అంత దగ్గరి చుట్టాలైనా, తయారుచేసే పదార్థాలు మాత్రం వేరుగా ఉండే అవకాశం ఉందని తేల్చారు. ఈ చివరి మాటే యాంటీస్మాష్ చూపించగలిగేది, అందుకే నేర్చుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి కేసు నాకు తెలిసి లేదు.

వాడే పద్ధతి చాలా తేలిక. సైట్‌లో ఫైల్ అప్‌లోడ్ చెయ్యొచ్చు, లేదా ఎన్‌సీబీఐలో (అమెరికా ప్రభుత్వం నడిపే పబ్లిక్ జీనోమ్ డేటాబేస్‌లు ఉండే చోటు) ఆ జీనోమ్‌కి ఉన్న యాక్సెషన్ నంబర్, అంటే గుర్తింపు సంఖ్య, టైప్ చేస్తే అదే తెచ్చుకుంటుంది, అంటే మన నెట్ ఎంత స్లోగా ఉన్నా పెద్ద ఫైల్ మనం ఎక్కించక్కర్లేదు, కాలేజీ వైఫై మీద బతికే వాళ్ళకి ఇది చాలా పెద్ద మేలు. జెన్‌బ్యాంక్ ఫైల్ ఇస్తే అందులో ఉన్న జీన్ల గుర్తింపునే వాడుకుంటుంది, ఉత్త ఫాస్టా (అక్షరాల వరస మాత్రమే ఉండే ఫైల్) ఇస్తే జీన్లు ఎక్కడున్నాయో తనే వెతుక్కుంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త, ఒక స్ట్రెయిన్‌కి జెన్‌బ్యాంక్, ఇంకోదానికి ఫాస్టా ఇచ్చి పోల్చకండి, జీన్లు గుర్తుపట్టే పద్ధతి మారిపోతే వచ్చిన తేడా బ్యాక్టీరియాదో పద్ధతిదో తెలియదు. ఇంకోటి, జె1074 కోసం వెతికేటప్పుడు పాత పేపర్లలో ఆల్బస్ అని ఉంటుంది, తర్వాత ఆల్బిడోఫ్లేవస్ అని మార్చారు, రెండూ ఒకే స్ట్రెయిన్, వేరు వేరు అనుకుని రెండు సార్లు రన్ చేయక్కర్లేదు.

వెతకడం ఎంత గట్టిగా ఉండాలో ఎంచుకునే మీట ఒకటుంది, స్ట్రిక్ట్, రిలాక్స్‌డ్, లూజ్ అని మూడు మెట్లు. మామూలుగా రిలాక్స్‌డ్ మీద ఉంటుంది, అలాగే వదిలేయండి. లూజ్ పెడితే లిస్టు పొడుగవుతుంది, చూడ్డానికి బాగుంటుంది గానీ అందులో మామూలు జీవక్రియలకి సంబంధించిన జీన్లు కూడా వచ్చి చేరతాయి, తర్వాత వాటిని ఏరుకోలేక తల ప్రాణం తోకకొస్తుంది. కింద అదనపు ఆప్షన్లు కొన్ని ఉంటాయి, పోలిక కోసం అయితే తెలిసిన క్లస్టర్లతో పోల్చే నోన్‌క్లస్టర్‌బ్లాస్ట్ తప్పకుండా ఆన్‌లో ఉండాలి, మిబిగ్ అనే డేటాబేస్‌తో పోల్చేది కూడా. మిబిగ్ అంటే ప్రయోగాలతో నిరూపించిన క్లస్టర్ల పట్టిక లాంటిది, 2015లో మొదలైంది, యాంటీస్మాష్ చెప్పే పేర్లన్నీ అక్కడ్నుంచే వస్తాయి.

రిజల్ట్ పేజీ గురించి ఎంత మెచ్చుకున్నా తక్కువే. పైన జీనోమ్ ఒక గీతలా ఉండి దాని మీద రీజియన్లు, అంటే క్లస్టర్లు దొరికిన చోట్లు, నంబర్లతో కనబడతాయి, కింద టేబుల్‌లో ఏ రకం, ఎక్కడ్నుంచి ఎక్కడిదాకా, తెలిసిన వాటిలో దేనికి దగ్గర అన్నది ఉంటుంది. స్ట్రెప్టోమైసిస్ క్రోమోజోమ్ మన చాలా బ్యాక్టీరియాల్లో లాగా గుండ్రంగా కాకుండా పొడుగ్గా రెండు కొసలతో ఉంటుంది, నడిమి భాగం జాతులన్నిటికీ కాస్త ఒకేలా ఉంటుంది, కొసల వైపు భుజాలే ఎక్కువగా మారిపోతుంటాయి. ఎస్ఎం17, జె1074 రిజల్టులు రెండు ట్యాబుల్లో తెరిచి పైన గీత మీద రీజియన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒకసారి అటూ ఇటూ చూస్తే పాఠ్యపుస్తకంలో చదివిన ఆ విషయం కళ్ళకు కట్టినట్టు అర్థమవుతుంది. ఏదైనా రీజియన్ మీద నొక్కితే జీన్లు బాణాల్లా వస్తాయి, ముదురు ఎరుపు అయితే అసలు తయారీ జీన్లు, లేత గులాబీ అయితే సహాయక తయారీ జీన్లు, నీలం రవాణావి, ఆకుపచ్చ నియంత్రించేవి, బూడిద రంగు మిగతావి. రంగు చూసి ఒక్క చూపులో ఎక్కడ చూడాలో తెలిసిపోతుంది.

ఒక్క రీజియన్ దగ్గరగా చూద్దాం, సురుగమైడ్. ఈ పదార్థం మొదట జపాన్ సురుగా బే దగ్గర సముద్రపు స్ట్రెప్టోమైసిస్‌లో దొరికింది, పేరు అందుకే అలా వచ్చింది. ఎస్ఎం17లోనూ ఉంది, నేల మీది జె1074లోనూ ఉంది. రీజియన్ తెరిస్తే నాలుగు పెద్ద పెద్ద ముదురు ఎరుపు బాణాలు వరసగా కనబడతాయి, సర్ ఏ, బీ, సీ, డీ అని (సర్ అంటే సురుగమైడ్‌కి పొట్టిపేరు). ఇవి అమైనో ఆమ్లాల్ని ఒక్కొక్కటిగా అతికించే భారీ ఎంజైమ్‌లు, కణంలో మామూలుగా ప్రొటీన్లు కట్టే రైబోసోమ్‌తో సంబంధం లేకుండా పెప్టైడ్, అంటే అమైనో ఆమ్లాల గొలుసు, కట్టేవి. విచిత్రం ఏంటంటే ఈ నాలుగూ కలిసి ఒకే గొలుసు కట్టవు, మొదటిదీ చివరిదీ, అంటే ఏ, డీ కలిసి 8 అమైనో ఆమ్లాల సురుగమైడ్ ఏ చేస్తాయి, మధ్యలో ఉన్న బీ, సీ కలిసి 10 అమైనో ఆమ్లాల సురుగమైడ్ ఎఫ్ అనే వేరే పదార్థం చేస్తాయి. ఒకే క్లస్టర్, రెండు సరుకులు. కిందకి వెళ్ళి డొమైన్ల (ఎంజైమ్‌లో ఒక్కో పని చేసే భాగాలు) బొమ్మ చూస్తే ఒక్కో మాడ్యూల్, అంటే ఒక అమైనో ఆమ్లాన్ని చేర్చే డొమైన్ల జట్టు, విడివిడిగా కనబడుతుంది, లెక్కపెట్టుకోవచ్చు, ఏ డొమైన్ ఏ అమైనో ఆమ్లాన్ని పట్టుకుంటుందో అంచనా కూడా ఇస్తుంది. ఇంకా చివర్లో చూడండి, ఇలాంటి ఎంజైమ్‌లలో మామూలుగా చివర టీఈ అనే డొమైన్ ఉండి తయారైన గొలుసుని తెంపి వదులుతుంది, ఇక్కడ అది కనబడదు. ఆ పని సర్ ఈ అనే విడి ఎంజైమ్ చేస్తుంది, పెన్సిలిన్ అతుక్కునే ప్రొటీన్ల లాంటిది. స్క్రీన్ మీద టీఈ లేకపోవడం చూసి క్లస్టర్ పాడైపోయింది, పనిచెయ్యదు అని రాసేసే అవకాశం ఉంది, అలా రాయకండి, పక్కనున్న చిన్న బాణాల్ని కూడా ఓపిగ్గా చూడండి. సాఫ్ట్‌వేర్ దాన్ని దాచిపెట్టలేదు, అక్కడే ఉంది, కాకపోతే ఎర్రగా పెద్దగా కనబడదు అంతే.

ఇప్పుడు అందరూ దెబ్బతినే చోటుకొద్దాం, పోలిక శాతం. టేబుల్‌లో ఒక పేరు పక్కన 100% అని ఉంటే పిల్లలు ఇదే ఆ పదార్థం అని రాసేస్తారు. ఆ శాతం అర్థం అది కాదు. తెలిసిన క్లస్టర్‌లో ఉన్న జీన్లలో ఎన్నిటికి మన రీజియన్‌లో జోడీ దొరికిందో ఆ లెక్క అది, సీక్వెన్స్ ఎంత ఒకేలా ఉందన్న లెక్క కాదు. ఎక్టోయిన్ లాంటి నాలుగైదు జీన్ల చిన్న క్లస్టర్ అయితే అన్నీ దొరికితే చాలు 100 వచ్చేస్తుంది, అదే పెద్ద క్లస్టర్ అయితే తయారీ జీన్లన్నీ ఉండి పక్కనున్న రెండు మూడు జీన్లు లేకపోతే శాతం పడిపోతుంది. పైగా మన రీజియన్‌లో అదనంగా ఏమున్నాయో ఆ శాతం లెక్కలోకే రాదు, సముద్రం నేల పోలికలో మనకి కావాల్సింది తరచూ ఆ అదనపువే. కొత్త వెర్షన్‌లో అంకె బదులు హై, మీడియం, లో అని చూపిస్తున్నారు, అది మంచి మార్పు, అంకె చూస్తే జనం దాన్ని మార్కుల్లా నమ్మేస్తారు. ఏమైనా సరే ఆ రీజియన్ తెరిచి పైన మనదీ కింద తెలిసినదీ వరసలు పెట్టి చూపించే బొమ్మ చూడకుండా పేరు రాయొద్దు.

ఎక్టోయిన్ అన్నాను కదా, అదే ఇంకో ఉచ్చు. ఎక్టోయిన్ అనేది ఉప్పు ఒత్తిడి తట్టుకోడానికి బ్యాక్టీరియా తయారుచేసుకునే చిన్న పదార్థం. స్పాంజ్ స్ట్రెయిన్‌లో ఎక్టోయిన్ క్లస్టర్ కనబడగానే ఇదిగో సముద్రానికి అలవాటు పడిన రుజువు అనిపిస్తుంది, ఎవరికైనా అనిపిస్తుంది. కానీ మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ సీలికలర్‌లో కూడా అది ఉంది, 2002లో జీనోమ్ వచ్చిన మొదటి స్ట్రెప్టోమైసిస్‌లలో ఒకటి అది, 86 లక్షల పైచిలుకు అక్షరాలు, 7,825 జీన్లు. మట్టి ఎండిపోయినప్పుడు నీటి కొరత, ఉప్పు ఒత్తిడి రెండూ నేలమీద కూడా ఉంటాయి మరి. అలాగే తిరగేసి చూస్తే జియోస్మిన్. తొలకరి వాన పడగానే వచ్చే మట్టి వాసనకి ముఖ్య కారణం అదే కదా, ఆ వాసన చేసే టెర్పీన్ క్లస్టర్ స్ట్రెప్టోమైసిస్ కుటుంబం దాదాపు అంతటా ఉంటుంది, సముద్రంలో ఉన్నంత మాత్రాన పోదు. కాబట్టి సముద్రం స్ట్రెయిన్ రిజల్టు ఒక్కటే చూసి కథ రాయకూడదు, నేల చుట్టం రిజల్టు పక్కన పెట్టి రెండింటిలో ఉన్నవి ముందు కొట్టేసుకుంటూ పోవాలి, అప్పుడు మిగిలినవే చూడదగ్గవి. నా వరకు యాంటీస్మాష్ అసలు విలువ రెండు రిజల్టులు పక్కపక్కన పెట్టినప్పుడే బయటపడుతుంది.

అలా కొట్టేసుకున్నా ఇంకో పెద్ద విషయం మిగిలే ఉంటుంది. క్లస్టర్ రెండింటిలో ఉన్నంత మాత్రాన రెండూ ఒకేలా తయారుచేస్తాయని కాదు. సురుగమైడ్ విషయంలోనే కార్క్ వాళ్ళు 2019లోనే ఇంకో పేపర్‌లో కొలిచి చూశారు, పెట్టిన ప్రతి మీడియంలోనూ ఎస్ఎం17 జె1074 కంటే ఎక్కువ సురుగమైడ్ ఏ చేసింది, వైడీ అనే మీడియంలో 13 రెట్ల పైనే, ఉప్పు కలిపిన ఎస్‌వైపీ మీడియంలో 3 రెట్లు. యాంటీస్మాష్ పేజీలో చూస్తే రెండింటికీ సురుగమైడ్ అనే పేరే ఉంటుంది, ఈ తేడా ఎక్కడా కనబడదు, కనబడే వీలు కూడా లేదు, ఎందుకంటే అది ఉన్న జీన్లు చెప్తుంది గానీ పనిచేస్తున్న జీన్లు చెప్పదు. ఇది లోపం అనను, దాని పని అది కాదు. కానీ ప్రాజెక్టు రిపోర్టుల్లో ఈ బ్యాక్టీరియా ఫలానా మందుని ఉత్పత్తి చేస్తుంది అని యాంటీస్మాష్ ఒక్కదాన్ని పట్టుకుని రాసేస్తున్నారు, అది మాత్రం ఆపాలి. ఉత్పత్తి చేయగల జీన్లు ఉన్నాయి అని రాయండి చాలు.

నాకు ఈ జోడీ మీదే ఒక సందేహం కూడా ఉంది, చెప్పాలి. జె1074 మామూలు నేల బ్యాక్టీరియా కాదు, వేరే బ్యాక్టీరియాల క్లస్టర్లు తెచ్చి పెట్టి పనిచేయించడానికి ప్రపంచవ్యాప్తంగా ల్యాబుల్లో పెంచుకుంటున్న స్ట్రెయిన్, దాని జీనోమ్ 68 లక్షల అక్షరాలే, స్ట్రెప్టోమైసిస్‌లలో చిన్నదని పేరు. ల్యాబులో ఏళ్ళ తరబడి బతికినదానికీ స్పాంజ్ నుంచి తాజాగా తీసినదానికీ తేడా వస్తే అది సముద్రం వల్లా, ల్యాబు వల్లా? ఇంకోవైపు నుంచి చూస్తే స్ట్రెప్టోమైసిస్ స్పోర్లు వానకి కొట్టుకుపోయి సముద్రంలో పడతాయి, స్పాంజ్ నీళ్ళు వడగట్టేది కాబట్టి వాటిని పట్టుకుంటుంది, అలా దొరికిన ప్రతీదీ స్పాంజ్ బ్యాక్టీరియా అయిపోదు. ఎస్ఎం17, ఎస్ఎం18 ఉప్పులో బాగా పెరగడం, మిగతా సముద్రపు స్ట్రెయిన్లలోని సురుగమైడ్ క్లస్టర్లు నేలవాటికంటే ఒకదానికొకటి దగ్గరగా ఉండడం, ఇవి చూస్తే వీటికి సముద్రంతో నిజమైన సంబంధం ఉందనే నాకు అనిపిస్తుంది. అయినా ఒకటి రెండు జోడీలతో ఆగకుండా అదే కుటుంబంలో ఇంకొన్ని నేల స్ట్రెయిన్లని కూడా రన్ చేయండి, ఫ్రీయే కదా.

ఇక యాంటీస్మాష్ చూడని భాగం. నేలకీ సముద్రానికీ తేడాలో చాలా మటుకు ఈ క్లస్టర్ల బయటే ఉంటుంది. పైన చెప్పిన 29 జీన్లలో ఉప్పు ఒత్తిడి, రవాణా, ఇతర జీన్ల నియంత్రణ, స్పాంజ్‌తో కలిసి బతకడం లాంటి రకాలున్నాయి, అవి యాంటీస్మాష్ రిజల్టులో వెతికితే దొరకవు, దానికి రోరీ లాంటి పాన్‌జీనోమ్ టూల్ (చాలా జీనోమ్‌ల జీన్లన్నీ కలిపి ఏది ఎందులో ఉందో పోల్చేది) వేరేగా వాడుకోవాలి. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ సాలినిస్పోరా. అది పూర్తిగా సముద్రపు బ్యాక్టీరియా, ఇసుక మడ్డిలో ఉంటుంది, గ్రేట్ బారియర్ రీఫ్ స్పాంజ్‌లో కూడా దొరికింది, దాని నేల చుట్టం మైక్రోమోనోస్పోరా. సాలినిస్పోరా ట్రాపికా జీనోమ్ 2007లో వచ్చింది, క్యాన్సర్ మీద పరీక్షించిన సాలినోస్పోరమైడ్ దీన్నుంచే. అందరూ సముద్రానికి ప్రత్యేకంగా ఏ జీన్ వచ్చి చేరిందా అని వెతికితే, 2012లో తేలింది ఏంటంటే వచ్చింది కాదు, పోయింది. ఎంఎస్‌సీఎల్ అనే జీన్ లేదు. బయట ఉప్పు ఒక్కసారి తగ్గితే నీళ్ళు కణంలోకి తోసుకొస్తాయి, అప్పుడు ఆ ప్రొటీన్ తెరుచుకుని ఒత్తిడి వదులుతుంది, ప్రెషర్ కుక్కర్‌కి సేఫ్టీ వాల్వ్ ఎలాగో అలా. ఆ వాల్వ్ లేకపోవడంతో సాలినిస్పోరా మంచినీళ్ళలో పగిలిపోతుంది, ఆ జీన్ తిరిగి పెడితే ఉప్పు ఒక్కసారి తగ్గినా కణాలు బతికాయి. ఎంత అందమైన ప్రయోగం. క్లస్టర్ల బొమ్మలు మాత్రమే చూసుకుంటూ కూర్చుంటే ఇలాంటిది జన్మలో కనబడదు, అందుకే పోలిక అంటే యాంటీస్మాష్ ఒక్కటే అనుకోవద్దంటున్నా.

ఇచ్చే సీక్వెన్స్ ఎంత మంచిదైతే వచ్చే రిజల్టు అంత మంచిది, ఇది కూడా గట్టిగా చెప్పాలి. చిన్న చిన్న రీడ్లతో (సీక్వెన్సింగ్ మెషిన్ ఒక్కోసారి చదివిచ్చే డీఎన్ఏ తునకలు) చేసిన డ్రాఫ్ట్ జీనోమ్, అంటే పూర్తిగా అతకని జీనోమ్, వందల ముక్కలుగా ఉంటుంది, సురుగమైడ్ లాంటి పెద్ద ఎంజైమ్‌లలో ఒకేలాంటి డొమైన్లు పదే పదే వస్తాయి కాబట్టి ముక్కలు సరిగ్గా అక్కడే తెగుతాయి. అప్పుడు ఒక్క క్లస్టర్ రెండు మూడు రీజియన్లుగా లెక్కలోకి వస్తుంది, మన స్పాంజ్ స్ట్రెయిన్‌లో నేలదానికంటే ఎక్కువ క్లస్టర్లున్నాయని సంబరపడతాం, అవి ముక్కల లెక్క మాత్రమే. యాంటీస్మాష్ నిజాయితీగా కాంటిగ్ (అలా విడిగా మిగిలిన ముక్క) అంచున ఉంది అని ఆ రీజియన్ దగ్గర హెచ్చరిక చూపిస్తుంది, చాలామంది దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు. ఎస్ఎం17, ఎస్ఎం18కి కార్క్ వాళ్ళు పొడవాటి రీడ్లు ఇచ్చే ప్యాక్‌బయో పద్ధతి వాడింది అందుకే. దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది, పక్కపక్కన ఉన్న రెండు వేరే క్లస్టర్లు దగ్గరగా ఉంటే ఒకే రీజియన్‌గా చూపిస్తుంది, లోపల విడివిడిగా గీతలు గీసి చెప్తుంది గానీ టేబుల్‌లో ఒక్క నంబరే. అందుకని రీజియన్ల సంఖ్యలు పోల్చి ఇది గొప్ప అది తక్కువ అనడం నాకు అస్సలు నచ్చదు. పాత పేపర్‌లో పాత వెర్షన్‌తో వచ్చిన సంఖ్యని మన కొత్త వెర్షన్ సంఖ్యతో పోల్చడం అయితే ఇంకా తప్పు, రకాలే పెరిగాయి కదా, రెండు జీనోమ్‌లూ ఒకే వెర్షన్‌తో మళ్ళీ రన్ చేసుకోండి.

నాకు వెలితిగా అనిపించేది ఒకటే, మనం ఎంచుకున్న రెండు జీనోమ్‌లని ఒకే పేజీలో ఎదురెదురుగా పెట్టి చూపించే సౌకర్యం లేదు. తెలిసిన క్లస్టర్లతో పోలుస్తుంది, డేటాబేస్‌లో ఉన్న వేరే జీనోమ్‌లతో పోలుస్తుంది, మనం ఇచ్చిన ఈ రెండింటినీ మాత్రం మనమే ట్యాబులు మార్చుకుంటూ చూసుకోవాలి. దీనికి దారి ఉంది, ప్రతి రీజియన్‌నీ విడిగా జెన్‌బ్యాంక్ ఫైల్‌గా దించుకోవచ్చు, ఆ ఫైళ్ళని క్లింకర్ అనే ఇంకో ఫ్రీ టూల్‌కి ఇస్తే ఏ బాణం ఏ బాణానికి జోడీయో, ఎంత శాతం ఒకేలా ఉందో గీతలు కలిపి చక్కటి బొమ్మ ఇస్తుంది. జీనోమ్‌లు పది ఇరవై ఉంటే బిగ్‌స్కేప్ వాడాలి, అది క్లస్టర్లని కుటుంబాలుగా విడగొట్టి ఏ కుటుంబంలో సముద్రం వాళ్ళు మాత్రమే ఉన్నారో చూపిస్తుంది, కాకపోతే దానికి కమాండ్ లైన్ కాస్త రావాలి.

చిన్న చిన్న విషయాలు కొన్ని. క్యూ ని బట్టి టైమ్ పడుతుంది, ఈమెయిల్ ఇస్తే అయిపోగానే కబురు వస్తుంది. ఫోన్‌లో రిజల్టు తెరుచుకుంటుంది గానీ బాణాల మీద వేలితో నొక్కడం కష్టం, పెద్ద స్క్రీన్ మీదే చూడండి. రిజల్టులు సర్వర్‌లో ఎప్పటికీ ఉంచరు, వచ్చిన వెంటనే మొత్తం జిప్ దించుకోండి, విప్పి ఇండెక్స్ ఫైల్ తెరిస్తే నెట్ లేకపోయినా అచ్చం వెబ్‌సైట్ లాగే పనిచేస్తుంది, క్లాసులో చూపించడానికి నాకు ఇది చాలా కలిసొచ్చింది. కోడ్ మొత్తం ఓపెన్ సోర్స్, లినక్స్ ఉన్న సిస్టమ్ ఉంటే సొంతంగా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, పబ్లిష్ కాని సీక్వెన్స్ బయట సర్వర్‌కి పంపడం ఇష్టంలేని ల్యాబులకి అదే మంచిది.

ఒక్క మాట మాత్రం ముందే తెలిసి ఉండాలి, స్పాంజ్‌లో బ్యాక్టీరియా చాలావరకు మన ప్లేట్ల మీద పెరగవు. 2014లో యోర్న్ పీల్ గ్రూపు థియోనెల్లా స్విన్‌హోయ్ అనే స్పాంజ్‌లో ఎంటోథియోనెల్లా అనే బ్యాక్టీరియా జీనోమ్‌ని పెంచకుండానే చదివారు, 90 లక్షల అక్షరాలకి పైనే, ఆ స్పాంజ్‌లో దొరికిన మందు పదార్థాల్లో దాదాపు అన్నీ అదే తయారుచేస్తోందని తేలింది. అంటే స్ట్రెప్టోమైసిస్ మీద చేసే పోలిక స్పాంజ్ ప్రపంచంలో పెరగడానికి ఒప్పుకున్న కొద్దిమందితో చేసే పోలిక మాత్రమే. పెరగని వాటి మెటాజీనోమ్ (స్పాంజ్‌లోని సూక్ష్మజీవులన్నిటి డీఎన్ఏని కలిపి ఒకేసారి చదివినది) ముక్కలు కూడా యాంటీస్మాష్‌కి ఇవ్వొచ్చు, తీసుకుంటుంది, కాకపోతే చాలా రీజియన్లకి కాంటిగ్ అంచు హెచ్చరిక వచ్చే అవకాశం ఉంది కాబట్టి పొడవాటి రీడ్లు చేయించే వీలుంటే ముందు అది చేయించుకుని, స్ట్రెయిన్ ఏ స్పాంజ్ నుంచి, ఎక్కడ, ఎంత లోతు నుంచి తీశారో సీక్వెన్స్‌తో పాటే రాసి పెట్టి, ఆ తర్వాతే అప్‌లోడ్ బటన్ దగ్గరికి రండి.